ఆర్డరైతే ఇస్త: ఒక బ్యాంకు గార్డు తుపాకి

పోయిన ఎండాకాలం సూర్యాపేటలో మా రిటైర్డ్ ఉద్యోగుల సమావేశానికి ఒక యువ లాయరును పిలిచారు. పింఛను సంగతులేవో చెప్తాడని వెళ్లాం. ఆయన తుపాకుల గురించి మొదలుపెట్టాడు. కొన్ని దేశాల్లో ఒక చట్టం ఉందట. తుపాకి ఉన్న మనిషి మనసు చెదిరి తన ప్రాణం తీసుకుంటాడనో, ఇంకొకరి ప్రాణం తీస్తాడనో భయం ఉంటే, ఇంటివాళ్లో పోలీసులో జడ్జికి చెప్పుకోవచ్చట. జడ్జి ఆ తుపాకిని కొంతకాలం తీయించి పెడతాడు. అది శిక్ష కాదు, ఆ మనిషి నేరం చేసి ఉండాల్సిన పని లేదు. కుదుటపడ్డాక తిరిగి ఇచ్చేస్తారు. ప్రాణాలు నిలబెట్టే చట్టమని కొందరు, ఏ తప్పూ చెయ్యనివాడి హక్కు లాక్కోవడమని కొందరు అక్కడ వాదించుకుంటున్నారట. అంతా చెప్పి, మన దగ్గర కూడా అట్లాంటిది రావాలనేవాళ్లు చెయ్యెత్తమన్నాడు.

నా చెయ్యి భుజం దాకా లేచి ఆగిపోయింది. పక్కన కూర్చున్న రిటైర్డ్ హెడ్మాస్టరమ్మ చూసింది.

"ఏందమ్మా, ఎత్తుతున్నవా, దించుతున్నవా?"

"తెల్వదక్కా" అన్నాను.

నేను లాయరును కాను, పోలీసును కాను. బ్యాంకు మేనేజరుగా రిటైరయ్యాను. బ్యాంకు ఉద్యోగంలోకి కొత్తగా వస్తున్న పిల్లలు అప్పుడప్పుడు ఇంటికి వచ్చి, ఈ పని ఎట్లా ఉంటుంది మేడం అని అడుగుతుంటారు. ప్రమోషన్ల గురించి, పరీక్షల గురించి చెప్పేవాళ్లు వాళ్లకు చాలామంది ఉన్నారు. ఆ చెయ్యి ఎందుకు ఆగిందో చెప్తే ఈ ఉద్యోగం గురించి కొంత తెలుస్తుందనిపించి ఇది రాస్తున్నాను. చివరికి ఏదో ఒకటి తేలుస్తానని మాత్రం అనుకోవద్దు.

కోదాడలో ఇద్దరు అన్నదమ్ములు

ముందు చిన్న సంగతి. అప్పటికి నేను కోదాడ బ్రాంచిలో పని చేస్తున్నాను. ధాన్యం వ్యాపారం చేసే అన్నదమ్ములిద్దరు మా ఖాతాదారులు. అన్న దగ్గర లైసెన్సున్న పిస్తోలు ఉండేది. సరుకు కొనడానికి డబ్బుతో తిరిగే మనిషి కాబట్టి ఎప్పుడో తీసుకున్నాడు.

ఒకరోజు తమ్ముడు నా క్యాబిన్‌లోకి వచ్చి తలుపు దగ్గరగా వేశాడు.

"మా అన్నయ్యకి ఈ మధ్య మతి సరిగా ఉండట్లేదండి మేడం. ఇంట్లో పిస్తోలు పెట్టుకుని ఉన్నారు. పిల్లలున్న ఇల్లండి, భయమేస్తంది. మొన్న మీ బ్యాంకులో కూడా పెద్దగా అరిచారంటగా. ఆ మాట ఒక కాగితం మీద రాసిచ్చారంటే పోలీసోళ్లకి చూపించుకుంటామండి."

ఆయన అరిచిన మాట నిజం. మా పొరపాటు వల్ల ఆయన చెక్కు ఒకటి వెనక్కి పోయింది. నేనైనా అరిచేదాన్ని. ఆలోచించి చెప్తానని తమ్ముణ్ని పంపించాను. తర్వాత అన్న వచ్చినప్పుడు, ఇంట్లో అంతా బాగున్నారా అని మామూలుగా అడిగాను. ఆయనకు నా ప్రశ్న వెనక ఉన్నది వెంటనే అర్థమైంది.

"వాడొచ్చాడా మేడం? వాడికి గోడౌను కావాలండి. నాకు పిచ్చని తేలిందనుకోండి, ఇక అన్నిటికీ వాడి సంతకమే చెల్లుద్ది."

నేను కాగితం రాసివ్వలేదు. ఆ తర్వాత అక్కడ ఏ ఘోరమూ జరగలేదు. జరగలేదు కాబట్టి నేను చేసింది ఒప్పు కింద చెల్లిపోయింది. కానీ తమ్ముడి ముఖంలో ఆ రోజు కనిపించిన భయం నాటకంలాగా లేదు. గోడౌను మీద ఆశా, అన్నంటే భయమూ ఒకే మనిషిలో ఉండవచ్చు కదా. అప్పుడు నాకు ఆ ఆలోచన రాలేదు. బదిలీ అయి మిర్యాలగూడ వెళ్లిపోయాను.

గేటు దగ్గరి మనిషి

మిర్యాలగూడలో బ్యాంకంటే మిల్లుల పని. కోతల కాలం వచ్చిందంటే ధాన్యం లారీలు రోడ్డు పొడుగునా ఆగి ఉంటాయి, కౌంటర్ల దగ్గర జనం ఆగరు. ఆ బ్రాంచికి సైదులు గార్డు. మాడుగులపల్లి దగ్గర ఊరు. సైన్యంలో హవల్దారుగా చేసి వచ్చాడు. ఏజెన్సీ ద్వారా మా దగ్గర చేరాడు. ఇక్కడ ఒక సంగతి తెలియాలి. తుపాకి బ్యాంకుది కాదు, ఆయన సొంతం. లైసెన్సు ఆయన పేరు మీదే. పొద్దున డబల్ బ్యారెల్‌ను గుడ్డ సంచిలో చుట్టుకుని బస్సులో వచ్చేవాడు, సాయంత్రం అట్లాగే ఇంటికి తీసుకుపోయేవాడు. తుపాకి ఉన్న మనిషి కాబట్టే ఆయనకు ఆ కొలువు.

మాట తక్కువ. "లైన్ల నిలబడుండ్రి" అని ఒక్కసారే అనేవాడు, రెండోసారి అనాల్సిన అవసరం వచ్చేది కాదు. చదువురాని ముసలివాళ్లు మాత్రం నేరుగా ఆయన దగ్గరికే పోయేవాళ్లు. తుపాకి భుజానికి వేసుకునే డబ్బు తీసే చీటీ నింపి ఇచ్చేవాడు. చంటిపిల్లలున్న తల్లులు, జర పట్టుకో అన్నా అని పిల్లను ఆయన చేతిలో పెట్టి కౌంటరుకు పోయేవాళ్లు.

ఆయనకు ఒక్కడే కొడుకు, మహేశ్. కోదాడలో ఇంజినీరింగ్ చివరి ఏడు చదువుతున్నాడు. బండి కావాలని అడిగితే సైదులే కొనిచ్చాడు. కోదాడ దగ్గర హైవే మీద ఒక డీసీఎం వ్యాను ఆ బండిని గుద్దింది. దవాఖానకు తీసుకుపోతుండగానే పిల్లవాడు పోయాడు. వ్యాను నడిపినవాడిది నడిగూడెం. కేసయింది, బెయిలు మీద బయటికి వచ్చాడని తర్వాత విన్నాం.

కర్మకాండలు కాగానే సైదులు డ్యూటీకి వచ్చేశాడు. ఇంకొన్నాళ్లు ఇంటి దగ్గరే ఉండండి అన్నాను. "ఉండి ఏం జేయాలె మేడం" అన్నాడు. మిలిటరీ మనిషి, గట్టి గుండె అని స్టాఫంతా మెచ్చుకున్నారు. నేనూ మెచ్చుకున్నాను. కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్లకు నేను గట్టిగా చెప్పగలిగిన మాట ఇదొక్కటే: తీరని దుఃఖం వచ్చిన మనిషి చాలా తొందరగా పనిలోకి వస్తే, మెచ్చుకుని ఊరుకోవద్దు. దగ్గరికి పోయి చూడాలి.

దగ్గరికి పోయి చూసి ఉంటే కనిపించేదే. చీటీలు నింపడం మానేశాడు. యూనిఫాం వదులైపోయింది. మధ్యాహ్నం టిఫిన్ డబ్బా విప్పకుండానే మళ్లీ సంచిలో పెట్టుకునేవాడు.

పద్మ చెప్పింది

ఒక మధ్యాహ్నం సైదులు టీ తాగడానికి బయటికి పోయిన సమయంలో ఆయన భార్య పద్మ వచ్చింది. ఆయన పోయేదాకా రోడ్డు అవతల నిలబడి ఉందని తర్వాత అర్థమైంది. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.

"నిద్రపోతలేడు మేడం. ఇంటికి రాంగనే తుపాకి తీసి ఒళ్లె పెట్టుకొని కూసుంటడు. తుడుస్తనే ఉంటడు. తుడిసిందే మళ్ల తుడుస్తడు. బండి నేనే కొనిచ్చిన, పిలగాన్ని నేనే సంపిన అంటడు. మొన్న ఇగ నేనుండి ఏం ఫాయిదా అన్నడు."

"డాక్టరుకు చూపించారా?"

"నాకేం రోగమంటడు. తుపాకి దాసిపెడ్తనంటె ఊకుంటలేడు. మీరు చెప్తె ఇంటడు మేడం. ఆ తుపాకి కొన్ని దినాలు ఏడన్న పెట్టిపియ్యుండ్రి."

"అట్లాగేనమ్మా, చూస్తాను."

"నేనొచ్చినట్టు చెప్పకుండ్రి. ఇంకొక్కటి. నౌకరి మాత్రం తీసెయ్యకుండ్రి. నౌకరి లేకుంటె పొద్దంత ఇంట్లనే కూసుంటడు. నాకు అది ఇంకా భయం."

ఆమె పోయింది. తుపాకి తీయించాలి, ఉద్యోగం తీయకూడదు. ఆ ఉద్యోగమేమో తుపాకి ఉన్నందుకే ఇచ్చింది.

ఎవరినడిగినా

మొదట స్టేషన్‌కు వెళ్లాను. ఎస్సై చిన్న వయసువాడు. ఓపికగానే విన్నాడు.

"ఎవరి మీదన్నా ఎక్కుపెట్టిండా మేడం?"

"లేదు."

"ఎవర్నన్నా బెదిరించిండా?"

"లేదు."

"లైసెన్సు ఆయనది, తుపాకి ఆయనది. నేనేమని గుంజుకోవాలె?"

మతి స్థిమితం లేనివాడి లైసెన్సును పైవాళ్లు ఆపగలరని ఆయనే చెప్పాడు. దానికి రిపోర్టు పోవాలి, నోటీసు రావాలి, జవాబు చెప్పుకోవాలి. "గదంత అయ్యేసరికి ఆయన మంచిగన్న అయితడు, లేకుంటె..." అని ఆగిపోయాడు. మళ్లీ తనే అందుకున్నాడు. "ఎలక్షన్లు రానియ్యుండ్రి, ఒక్క కాగితం వస్తది, అందరు తుపాకులు తెచ్చి మా దగ్గర పెట్టిపోతరు. ఒక్కరు నామోషీ అనుకోరు. ఎలక్షన్లయిపోంగనే తీస్కపోతరు. తమాషా ఏందంటె, గప్పుడు గూడ బ్యాంకు గార్డులను వదిలిపెడ్తం."

ఆయనంతట ఆయన తెచ్చి పెడితే తీసుకుని రసీదు ఇస్తానన్నాడు. అంతకన్నా తన చేతిలో ఏమీ లేదన్నాడు.

తర్వాత మా పై అధికారికి ఫోన్ చేశాను. మనిషి చెడ్డవాడు కాదు. నా సెలవులు ఎప్పుడూ ఆపలేదు, నా మీద ఎప్పుడూ గొంతు పెంచలేదు.

"గార్డును మార్చేయండి మేడం. ఏజెన్సీకి చెప్తే రేపే ఇంకొకరు వస్తారు. ఒక్కటి మాత్రం, ఇలాంటివి రాతలో పెట్టకండి. రాశారనుకోండి, అంతా తెలిసి ఎందుకు ఊరుకున్నారని రేపు మిమ్మల్నే అడుగుతారు."

"మార్చేస్తే ఆయన అదే తుపాకితో ఇంటికి పోతాడు కదా సార్."

"పోతే అది మన బ్రాంచి కాదు కదా."

ఆ మాట విని నాకు ఒళ్లు మండింది. అయితే బ్యాంకు వైపు నుంచి చూస్తే ఆయన చెప్పిందే సరైన సలహా అని కూడా తెలుసు. పెద్ద ఉద్యోగాల్లో ఉన్నవాళ్ల సలహాలు చాలావరకు ఇట్లాగే ఉంటాయి. తప్పుండదు, మనిషి కూడా ఉండడు.

క్యాబిన్‌లో

మరునాడు జనం పలచబడ్డాక సైదులును లోపలికి పిలిచాను. కూర్చోమంటే కుర్చీ అంచున కూర్చున్నాడు. తుపాకి మోకాళ్ల మధ్య నిలబెట్టుకున్నాడు.

"సైదులు గారూ, ఈ తుపాకి కొన్నాళ్లు స్టేషన్‌లో పెట్టండి."

"ఎందుకు మేడం?"

"నాకు భయంగా ఉంది."

"బ్యాంకు గురించా?"

"మీ గురించి."

"పద్మ వచ్చిందా?" అన్నాడు. నేను బల్ల మీది కాగితాలు సర్దాను. ఆయనకు అదే జవాబైంది.

"గిది ఆర్డరా మేడం?"

"ఆర్డర్ కాదు. అడుగుతున్నాను."

"ఆర్డరైతే ఇస్త. అడిగితే ఇయ్య."

"అదేమిటి?"

"అడిగితే ఇచ్చిన్నంటె, నా మీద నాకే నమ్మకం లేదని ఒప్పుకున్నట్టు. ఆర్డరైతే నా చేతుల ఏం లేదు. పైనోళ్లు చెప్పిండ్రు, ఇచ్చిన. గంతే."

ఆయన సొంత తుపాకిని ఇవ్వమని ఆజ్ఞాపించే అధికారం నాకు లేదు. ఆ సంగతి నాకన్నా ఆయనకే బాగా తెలుసు. ఇరవై ఏళ్లకు పైగా ఆర్డర్లలో బతికిన మనిషి. తెలిసి కూడా నా నోటి నుంచి ఆ మాట కోసం చూస్తున్నాడు. కాదంటాడేమో, అరుస్తాడేమో అని నేను ఎన్నో అనుకుని కూర్చున్నాను. ఇట్లా అడుగుతాడని అనుకోలేదు.

"అయితే ఆర్డరే" అన్నాను.

ఆయన లేచి నిలబడ్డాడు. తుపాకి గొట్టాలను వంచి చూపించాడు, లోపల ఖాళీ. నడుముకున్న తూటాల పటకా విప్పి నా బల్ల మీద పెట్టాడు. "పోదం పాండ్రి" అన్నాడు. ఇద్దరం ఆటోలో స్టేషన్‌కు వెళ్లాం. ఎస్సై మర్యాదగా లేచి తీసుకున్నాడు, టీ తెప్పించాడు. తిరిగి వచ్చేటప్పుడు సైదులు ఖాళీ గుడ్డ సంచిని మడతపెట్టి చంకలో పెట్టుకున్నాడు.

తుపాకి లేని సైదులు

ఏజెన్సీ వేరే గార్డును పంపింది. సైదులును అటెండరు పనులకు ఉంచమని వాళ్లను బతిమాలి ఒప్పించాను. యూనిఫాం లేదు, మామూలు చొక్కాతో వచ్చేవాడు. మనిషి పొట్టిగా అయిపోయినట్టు కనిపించేవాడు.

"సైదులన్నా, తుపాకేమైంది?" అని అందరూ అడిగేవాళ్లే. "రిపేరుకు పోయింది" అని కొన్నాళ్లు చెప్పాడు. మిర్యాలగూడ అంత పెద్ద ఊరేమీ కాదు. స్టేషన్‌లో పెట్టారని తెలిసింది. సైదులుకు తల తిరిగిందట, అందుకే గుంజుకున్నారట అని మాట పుట్టింది. అదే మాట ఆయన కన్నా ముందు ఆయన ఊరికి చేరింది. ఎప్పుడూ పిల్లను ఆయన చేతికిచ్చే ఒక తల్లి, ఒకరోజు పిల్లను చంకన పెట్టుకునే చీటీ నింపుకోవడం నేను క్యాబిన్ అద్దంలోంచి చూశాను. ఆయనా చూశాడు. తపాలా కట్ట తీసుకుని బయటికి వెళ్లిపోయాడు.

ఆ రోజు నాకు అనిపించింది: తుపాకి చేతిలో ఉన్నన్నాళ్లు జనం ఆయనకు భయపడలేదు. తుపాకి తీసేశాక భయపడటం మొదలుపెట్టారు.

సూర్యాపేటలో మనసు డాక్టరు దగ్గరికి పోదాం అన్నాను. "గిది గూడ ఆర్డరేనా మేడం" అన్నాడు. అవునన్నాను. పద్మ వెంట పోయింది. మందులు మొదలయ్యాయి. మొదట్లో పొద్దంతా మత్తుగా ఉండేవాడు. మెల్లమెల్లగా నిద్ర పట్టిందని పద్మ ఫోన్ చేసి చెప్పింది. మధ్యాహ్నం పూట డబ్బా విప్పి తినడం మొదలుపెట్టాడు. ఒకరోజు ఒక ముసలామెను బల్ల దగ్గర కూర్చోబెట్టి చీటీ నింపుతుంటే చూసి, నేను బాత్రూంలోకి వెళ్లి ముఖం కడుక్కుని వచ్చాను.

ఇక్కడితో కథ అయిపోతే, చట్టం కావాలా అన్న లాయరుకు నేను రెండు చేతులూ ఎత్తేదాన్ని.

తిరిగి ఇచ్చేటప్పుడు

మనిషి కుదుటపడ్డాడు. తుపాకి తిరిగి కావాలన్నాడు. తనంతట తాను పెట్టిన తుపాకి కాబట్టి అడిగితే ఇచ్చేయాల్సిందే. కానీ ఈలోగా లైసెన్సు గడువు అయిపోయింది. మళ్లీ రాయించుకోవాలంటే ఎంక్వయిరీ చేస్తారు. ఎంక్వయిరీకి ఆయన ఊరికి పోయినవాళ్లకు, తల తిరిగిందట అని అక్కడికి చేరిన ఆ మాటే దొరికింది.

పాత ఎస్సై బదిలీ అయ్యాడు. కొత్తాయన, "పెట్టిపిచ్చింది మీరే గద మేడం, మంచిగైండని మీరే రాసియ్యుండ్రి" అన్నాడు. డాక్టరును అడిగాను. "ఆయన నిద్రపోతున్నాడని రాస్తా, తింటున్నాడని రాస్తా. తుపాకి పట్టుకోవచ్చని నేనెట్ల రాయాలె మేడం? రేపేమన్నా అయితే?" అన్నాడు. మా పై అధికారి సంగతి చెప్పనక్కర్లేదు. బ్యాంకు లెటర్‌హెడ్ మీద ఒక్క ముక్క కూడా రాయొద్దన్నాడు.

అందరూ ఆయన బాగయ్యాడనే అన్నారు. ఆ మాట కింద సంతకం పెట్టేవాళ్లు మాత్రం లేరు. నెలలు గడిచిపోయాయి. ఇట్లా అటెండరు పనులకు ఎంతకాలం ఉంచుతారని ఏజెన్సీవాళ్లు అడిగి అడిగి, చివరికి ఆయన్ని తీసేశారు. నేను ఆపలేకపోయాను. నా రిటైర్మెంటు కూడా దగ్గరికి వచ్చింది.

చివరి రోజున తన సామాను తీసుకుపోవడానికి వచ్చి ఆయన ఒక మాట అడిగాడు. కోపంగా కూడా అడగలేదు.

"తీసుకునేటప్పుడు మీ మాట ఒక్కటి సరిపోయింది మేడం. ఇచ్చేటప్పుడు ఎందుకు సరిపోతలేదు?"

ఆ సాయంత్రం ఇంట్లో తెల్ల కాగితం మీద, బ్యాంకు పేరు లేకుండా, నా సొంత పేరు మీద ఒక ఉత్తరం రాసి పంపాను. ఈయన్ని నేను ఎరుగుదును, బాగున్నాడు, నమ్మవచ్చు అని. నేను రిటైరైన కొన్నాళ్లకు ఆయనకు లైసెన్సు వచ్చింది, తుపాకి వచ్చింది. నా ఉత్తరం పని చేసిందో, అది ఎవరూ చదవకుండానే వచ్చిందో తెలియదు.

తుపాకులు తీసుకోవాలా వద్దా అని వాదించేవాళ్లు ఈ రెండో సగం గురించి మాట్లాడటం నేను తక్కువగా విన్నాను. తీసుకోవడానికి జడ్జి ఉంటాడు సరే. బాగుపడ్డావు, ఇదిగో తీసుకో అని ధైర్యంగా చెప్పేవాళ్లు ఎవరు?

నడిగూడెం వెళ్లి వచ్చాడు

తుపాకి చేతికి వచ్చిన తర్వాత ఒకసారి డాక్టరుకు చూపించుకోవడానికి సూర్యాపేట వచ్చి, సైదులు మా ఇంటికి వచ్చాడు. టీ తాగుతూ ఉన్నట్టుండి చెప్పాడు.

"మేడం, మీకొక సంగతి చెప్పలే. మీరు తుపాకి పెట్టిపిచ్చిన కొన్ని దినాలకు నేను నడిగూడెం పోయిన."

నాకు ముందు అర్థం కాలేదు. తర్వాత అర్థమై చేతిలో కప్పు కింద పెట్టేశాను. ఆ డ్రైవరు ఊరు.

"పోయి?"

"ఇల్లు అడుక్కుంట పోయిన. వాకిట్ల నిలబడ్డ. వాడే బయటకొచ్చిండు. నన్ను గుర్తువట్టలే. ఎవరి కోసమొచ్చినవ్ కాకా అన్నడు. బస్సు కోసమన్న. గీడ ఎండల ఎందుకు, నీడకు రా అని చెంబుల నీళ్లు తెచ్చిచ్చిండు. తాగిన. వచ్చిన."

మేమందరం ఆయన తన ప్రాణం తీసుకుంటాడనే భయపడ్డాం. పద్మ, నేను, ఎస్సై, డాక్టరు, అందరం ఒక వైపే చూశాం. నడిగూడెం వైపు ఎవరి చూపూ పోలేదు.

"ఆ రోజు తుపాకి మీ దగ్గర ఉండి ఉంటే?" అన్నాను.

"తుపాకి ఉంటె నేను పోయేటోన్నే కాదు మేడం."

"అంటే?"

"డ్యూటీ మీద ఉండేటోన్ని. యూనిఫాం ఏసుకొని నిలబడ్డన్ని దినాలు మనసు గటు పోలే. ఏడ్సుకుంటనో, ఎట్లనో, నిలబడ్డ. గది తీసేసినంక, అటెండరు పని ఉన్నా మనసు పొద్దంత ఖాళీ. అందరు నా దిక్కు అదోతీరు సూసుడు. వానివల్లనే గద నాకీ గతి అని కోపం గప్పుడే వచ్చింది."

"అయితే నేను తీయించడమే తప్పంటారా?"

"గట్ల గూడ అంటలేను. వాని వాకిట్ల నిలబడ్డప్పుడు నా చేతిల ఉంటె ఏం జేసేటోన్నో గది గూడ చెప్పలేను. ఇంటికాడ ఒళ్లె పెట్టుకొని కూసున్నప్పుడు ఏం జేసేటోన్నో గది గూడ తెల్వది." కప్పు ఖాళీ చేసి పక్కన పెట్టాడు. "మీరేమనుకుంటున్నరు మేడం?"

"నాకూ తెలియదు సైదులు గారూ" అన్నాను.

ఆయన తల ఊపాడు. ఆ జవాబు ఆయనకు ఎంతో కొంత ఊరటనిచ్చినట్టే కనిపించింది. లేచి, బస్సుకు టైమైందని వెళ్లిపోయాడు.

ఆ తర్వాత నేను దీన్ని ఎన్ని విధాలుగా తిప్పి చూసుకున్నానో చెప్పలేను. జరిగిన ఘోరానికి లెక్క ఉంటుంది, కేసు ఉంటుంది, తప్పు ఎవరిదో తేలుస్తారు. జరగనిదాన్ని ఎట్లా తేల్చాలి? నా వల్ల ఒక ప్రాణం నిలిచిందేమో. ఇద్దరి ప్రాణాలు నిలిచాయేమో. లేదా ఎవరి ప్రాణానికీ ప్రమాదం లేకుండానే, దుఃఖంలో ఉన్న ఒక మంచి మనిషి కొలువూ పరువూ నేనే పోగొట్టానేమో. మూడూ నిజంలాగే కనిపిస్తాయి. ఒకరోజు ఒకటి బలంగా అనిపిస్తే, ఇంకొక రోజు ఇంకొకటి. పిల్లలు ఎవరైనా వచ్చి, అదే పరిస్థితి మళ్లీ వస్తే ఏం చేస్తారు మేడం అని అడిగితే, మళ్లీ అదే చేస్తానని చెప్తాను. సరైనదని కాదు. పద్మ ముఖం చూసిన తర్వాత వేరే పని చెయ్యడం నాకు రాదు కాబట్టి.

ఫోన్

ఈ మధ్య మిర్యాలగూడ నుంచి పాత ఖాతాదారు ఒకాయన ఫోన్ చేశాడు. రైస్ మిల్లు యజమాని. క్షేమసమాచారాలు అయ్యాక అసలు సంగతికి వచ్చాడు.

"మీ బ్యాంకుల చేసిన సైదులు మా మిల్లు కాడ గార్డుగ వస్తనంటుండు మేడం. తుపాకి సొంతదే ఉందంట. అప్పట్ల ఏదో విన్న నేను. మీకు ఎరుకున్న మనిషి గదా. నిలబెట్టుకోవచ్చునా?"

"మంచి మనిషి" అన్నాను.

"మంచోడే, నాకు తెల్వదా. తుపాకి సంగతి అడుగుతున్న. భయమేం లేదు గదా?"

"భయం ఎవరికైనా ఉంటుంది."

"గట్లంటె ఎట్ల మేడం? అవునో కాదో ఒక్క మాట చెప్పుండ్రి."

కాదంటే సైదులుకు ఇక ఎక్కడా పని దొరకదు. అవునంటే, ఆ మాట నాది. చట్టం లేదు, జడ్జి లేడు, డాక్టరు లేడు, పై అధికారి కూడా లేడు. ఫోన్ అవతల ఒక మిల్లు యజమాని, ఇవతల నేను.

"నిలబెట్టుకోండి" అన్నాను.

ఆయన సంతోషంగా ఫోన్ పెట్టేశాడు. నేను మాత్రం అదే నంబరు చూస్తూ కూర్చున్నాను, మళ్లీ చేసి ఇంకేదో చెప్పాలన్నట్టు. చివరికి పద్మకు చేశాను.

"సైదులు గారు ఎట్లున్నారమ్మా?"

"మంచిగనే ఉన్నడు మేడం. మిల్లుల చేరుతనని యూనిఫాం ఇస్త్రీ చేపిచ్చుకొచ్చిండు."

"మరి నువ్వు?"



"నాకు భయమే మేడం. కని పొద్దుగాల అద్దంల సూసుకొని నవ్విండు. గట్ల నవ్వి మస్తు దినాలైంది."

మా ఇద్దరిలో ఎవరమూ ఫోన్ పెట్టెయ్యలేదు.